రాతికాళ్ల వంశం

ఫిబ్రవరి 4

తమ్ముడికి, పెద్దక్క చెప్పి రాయిస్తున్నది.

ముందు నేనెవరో రాయమన్నాను ఈ ఆసుపత్రి నర్సమ్మని. సాక్ష్యం చెప్పేవాళ్లు చెప్పుకున్నట్టే చెప్పుకుంటా. నేను పోత మేస్త్రి పెద్దకూతుర్ని. వయసు డెబ్భై రెండు. పేరంటావా, అమ్మా నాన్నా పెట్టింది ఒకటుంది గానీ దాంతో నన్ను పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. నా పద్నాలుగో ఏట మీరంతా కలిసి ఇంకోటి పెట్టారు, వేణ్ణీళ్ల పిల్ల అని. అదే రాయమన్నా. ఉండేది దర్జీ కొట్టు వెనకాల రెండు గదుల్లో. మొగుడు పోయి ఇరవై రెండేళ్లు. పిల్లల్లేరు. దర్జీకి కాజాలు కుట్టిపెడతా, గుండీలు వేస్తా. అక్షరం ముక్క రాదు. నిన్ను బడికి పంపారు, నన్ను బొగ్గు గంపకి పంపారు. కాబట్టి ఇందులో చేయి నర్సమ్మది, మాట నాది. ఆవిడ మొదట "మీరంతా క్షేమమని తలుస్తాను" అని రాయబోయింది. తలవడం లేదు, భయపడుతున్నా, అదే రాయి అన్నా.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావేమో. తొమ్మిదేళ్ల కింద మనిద్దరి మధ్యవాడు, నడిపివాడు పోయినప్పుడు చేస్తే నా గొంతు వినగానే పెట్టేశావు. కాగితమైతే చించడానికైనా చేత్తో పట్టుకోవాలి కదా.

కిందటి నవంబరులో కొట్లో మిషను సూది విరిగి నేల మీద పడింది. నేను తొక్కాను. తొక్కానని తెలిసింది తొమ్మిది రోజులకి. దర్జీ గొంతు చించుకుంటున్నాడు, "తెల్ల గుడ్డ మీద ఈ మరకలు ఎవరివమ్మా, కొనేవాడు నా మొహాన కొడతాడు" అని. నాకేం తెలుసురా, నీ పిల్లినడుగు అని నేనూ అరిచాను. మరకలు నావే. కాలెత్తి చూస్తే చిటికెన వేలి మొదట్లో నల్లగా ఉంది, వాసన కూడా వేస్తోంది. నొప్పి మాత్రం చీమ కుట్టినంత లేదు. ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. ఇంకో వారం ఆగితే కాలే పోయేదన్నారు.

ఇప్పుడు కట్టు మార్చడానికి నర్సమ్మ వారం వారం ఇంటికొస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు నన్ను కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ పోగు ఒకటి తీసి, "అరికాలికి ఆనిస్తా, ఆనినప్పుడల్లా ఊ అనండి" అంది. కూర్చున్నా, కూర్చున్నా. విసుగొచ్చి, "ఇంకెప్పుడు ఆనిస్తావమ్మా, నాకు కాజాల పనుంది" అన్నాను. "పదిసార్లు ఆనించాను" అంది.

తమ్ముడూ, అప్పుడు నాకు నాన్న కనబడ్డాడు.

ఇది షుగరట. ఏళ్ల తరబడి రక్తంలో పెరిగి పెరిగి ముందు కాళ్ల స్పర్శ తినేస్తుందట. అంటుకునేది కాదు, శాపమూ కాదు. తండ్రికుంటే పిల్లలకి వచ్చే వీలు మిగతావాళ్లకన్నా ఎక్కువట. అందరికీ రావాలనీ లేదు, వచ్చినా ముందే కనిపెడితే అదుపులో పెట్టుకోవచ్చు. "మీ ఇంట్లో ఎవరికైనా ఉండేదా?" అని అడిగింది. ఆ మాట మా కాలంలో ఎవరికి తెలుసు? నాకు తెలిసింది చెప్పాను. నాన్న ఆఖరి రెండేళ్లూ చెంబు చంకలో పెట్టుకుని తిరిగాడు, ఎంత తాగినా దాహమే. ఒంటికి వెళ్లిన చోట చీమలు పట్టేవి. తిండి తిన్నట్టే ఉండేది, ఒళ్లు కరిగిపోయింది. చిన్న గీత పడినా మానేది కాదు. నడిపివాడూ అంతే, అరికాల్లో మేకు దిగితే మూడు రోజులు దాని మీదే నడిచాడు. ఇదంతా విని ఆవిడ తల ఊపింది.

కాబట్టి నేను చెప్పేది ఇది, నలుగుర్నీ కూర్చోబెట్టి చదువు. నాన్న కాలు నా వేణ్ణీళ్లతో చావలేదు. నేను నీళ్లు పోసేనాటికే చచ్చి ఉంది. యాభై ఎనిమిదేళ్లు నన్ను హంతకిని చేశారు. కాదు.

నువ్వూ, నీ కొడుకూ రక్తం పరీక్ష చేయించుకోండి. పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి.

పెద్దక్క


ఫిబ్రవరి 19

అక్కకి,

నీ ఉత్తరం అందింది. ఏడు పేరాలు నీ గోడు, ఆఖర్న రెండు ముక్కలు మా క్షేమం. బాగుంది. యాభై ఎనిమిదేళ్ల తర్వాత చేతులు కడుక్కోవడానికి నీకు షుగరు దొరికిందన్నమాట.

నాకప్పుడు ఏడేళ్లు. నువ్వు మర్చిపోయావేమో, గుమ్మం పక్కన నిలబడి ఉన్నది నేను. నాన్న కాలు గంగాళంలోంచి తీస్తే తోలు మేజోడులా ఊడి వచ్చింది. నలభై రోజులు ఇల్లంతా ఆ వాసన. నలభై ఒకటో రోజు నాన్న లేడు. ఆ నీళ్లు ఎవరు కాచారు, ఎవరు పోశారు? నర్సమ్మ పోసిందా?

షుగరు కూర్చుని తినేవాళ్ల జబ్బు. మా ఇంట్లో తీపి తినేవాడెవడు? పొద్దున్నించీ కొలిమి దగ్గర చెమటోడ్చేవాళ్లం. మన వంశాన్ని నాలుగూళ్లలో రాతికాళ్ల వాళ్లు అంటారని నీకు గుర్తు చెయ్యాలా? కరిగిన లోహం పోసేవాడు చెప్పులేసుకోడు. చెప్పులో పడ్డ చుక్క కాలుస్తూ కూర్చుంటుంది, వట్టి కాలి మీద పడ్డది జారిపోతుంది. తాతల నాటి పద్ధతి. పోత పోసి, ఇసుక పెట్టె తీసేశాక కింద గచ్చు ఇంకా సెగలు కక్కుతుంటే, దాని మీద నిలబడి నూరు లెక్కపెట్టాలి. పాదం కదపనివాడికే పట్టకారు. నాన్న నిలబడ్డాడు, నడిపన్నయ్య నిలబడ్డాడు, నేను నిలబడ్డాను.

నీ మేనల్లుడు కిందటి నెల నిలబడ్డాడు. నూరు కాదక్కా, రెండు వందలు. వాడే ఆపలేదు, నేనే చాలన్నాను. పనివాళ్లు ఈలలు వేశారు. నలభై ఏళ్లొచ్చాయి, ఇప్పటికి మనిషి తయారయ్యాడు. ఈ మధ్య కొవ్వు కూడా కరిగింది, నడుము దగ్గర పంట్లాం వదులైతే కోడలు రెండుసార్లు కుట్లు బిగించింది. కొలిమి దగ్గర నిలబడితే ఎద్దులా తాగుతాడు నీళ్లు, పీపా సగం వాడికే. ఏప్రిల్ పద్దెనిమిదిన పెద్ద గంట పోత ఉంది. ఆ రోజు పట్టకారు వాడి చేతికిస్తున్నా. నువ్వు ఆ సంగతి ఎక్కడో విని, చేతులు కడుక్కుంటే గానీ ఆ పోతకి రానివ్వరని ఈ షుగరు కథ అల్లావని ఇంట్లో అనుకుంటున్నారు. నేనూ అనుకుంటున్నా.

నీ వేళ్ల సంగతి విని బాధేసింది. అది మాత్రం నిజం.

నీ తమ్ముడు


మార్చి 1

తమ్ముడూ,

నీ ఉత్తరం నర్సమ్మ చదివింది. "ఎద్దులా తాగుతాడు నీళ్లు" దగ్గర ఆగి, నా మొహం చూసింది. నేను ఆవిడ మొహం చూశాను. నువ్వు గొప్పగా రాసిన ప్రతి ముక్కా, దాహం, వదులైన పంట్లాం, రెండు వందల లెక్క, అన్నీ నేను నాన్న గురించి రాయించినవే రా. మళ్లీ చదువుకో. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదువు.

పోతకి రావాలని నాకేం మోజు లేదు. నడిపివాడి శవాన్ని చూడ్డానికి వస్తే గుమ్మం దగ్గరే ఆపారు, ఆ గుమ్మానికి నా మొహం మళ్లీ చూపించను. రానివ్వకండి. పరీక్ష చేయించండి.

తీపి తినేవాళ్లకే వస్తుందని ఎవడు చెప్పాడు నీకు? నేనేం మిఠాయి కొట్టు పెట్టానా? నర్సమ్మ చెప్పింది మన పని మాటల్లో చెబుతా. అచ్చు తాతలిచ్చింది. అందులో ఏం పోస్తాం, ఎంత వేడిగా పోస్తాం అన్నది మనది. తిండి, పని, ఒళ్లు, వయసు, ఇవన్నీ పోసేవి. కానీ అచ్చులో పగులుందని తెలిసినవాడు జాగ్రత్తగా పోస్తాడు. తెలియనివాడు కాళ్ల మీద పోసుకుంటాడు. మన రక్తంలోనే ఉంది, మన రక్తంలోనే ఉంది అని మూడు తరాలుగా మీసం మెలేశారు. ఉంది, నిజమే. ఏముందన్నదే ఎవడూ చూడలేదు.

నువ్వు గుమ్మం పక్కన నిలబడి చూశావు. చూడనిది చెబుతా విను. గంగాళంలో నీళ్లు పోశాక నేను చెయ్యి పెట్టి చూశాను. చురుక్కుమని తీసేశాను. నాన్నా, కాలుతున్నాయి, చన్నీళ్లు కలపనా అన్నాను. ఆయన కాలు ముంచి, "గోరువెచ్చగా కూడా లేవు, ఇంకా పొయ్యి" అన్నాడు. పోశాను. "నీ చేతులు మెత్తనే పిల్లా" అని నవ్వాడు. తర్వాత ఈ మాట చెప్పబోతే అమ్మ నా నోటి మీద కొట్టింది, చచ్చినవాడి మీద నెడతావా అని. అప్పట్నించి నోరు మూసుకున్నాను. నీకు తెలుసో లేదో, ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా నేను వేణ్ణీళ్లు పోసుకోలేదు. ఎముకలు కొరికే చలిలో కూడా చన్నీళ్లే.

ఇంకోటి. నాన్న పాతికేళ్లప్పుడు మొదటిసారి గచ్చు మీద నిలబడి పెదవి కొరుక్కున్నాడట, గడ్డం మీదికి రక్తం కారిందట. నానమ్మ చెప్పేది. నలభై దాటాక అదే గచ్చు మీద నవ్వుతూ నిలబడ్డాడు. మీరంతా ఆ నవ్వు చూసి చప్పట్లు కొట్టారు. పెదవి కొరుక్కోవడం ధైర్యం రా తమ్ముడూ. నవ్వడం జబ్బు.

ఈ కాగితంలో నైలాన్ పోగు చుట్టి పంపుతున్నా. వాణ్ని కళ్లు మూసుకోమను. అరికాలికి పోగు కొసని ఆనించి, అది వంగేదాకా నొక్కు. తగిలినప్పుడు చెప్పమను. నువ్వూ వాడి చేత చేయించుకో. తర్వాత నాకు రాయి.

పెద్దక్క


మార్చి 14

అక్కకి,

నీ పోగు అందింది. వాకిట్లో పనివాళ్లందరి ముందూ పరీక్ష పెట్టించాను, నీ మాట కాదన్నానని రేపు అనకుండా.

ముందు బొగ్గు మోసేవాడు కూర్చున్నాడు. పోగు ఇలా ఆనించానో లేదో, "అబ్బ, చక్కిలిగింత!" అని ఎగిరి అవతల పడ్డాడు. ఇసుక జల్లించేవాడూ అంతే, కాలు లాగేసుకున్నాడు. ఒకటే నవ్వులు. తర్వాత నీ మేనల్లుడు కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. మడమ, మధ్య, వేళ్ల మొదళ్లు, పన్నెండు చోట్ల నొక్కాను. కొండలా కూర్చున్నాడు. "మొదలుపెట్టావా నాన్నా?" అని అడిగాడు. వాకిలి వాకిలంతా చప్పట్లు! తర్వాత నాకు వాడు పెట్టాడు. నాదీ అంతే, ఒకటో రెండో తెలిశాయి అంతే. "పట్టకారు మెత్తకాళ్లవాళ్లకి దక్కుతుందా, ఇంటి రక్తం ఇంటి రక్తమే" అన్నాడు బొగ్గు మోసేవాడు. నువ్వు మమ్మల్ని తప్పు పట్టడానికి పంపిన పోగే మా సంగతి రుజువు చేసింది. పోతకి ముందు దాన్నే మా ఆనవాయితీలో చేర్చుకుందామని వాడంటున్నాడు.

నాన్న "ఇంకా పొయ్యి" అన్నాడని రాశావు. చనిపోయినవాడు లేచి వచ్చి కాదనలేడు. అమ్మ చనిపోయింది, నానమ్మ చనిపోయింది, నీ సాక్షులంతా భలేవాళ్లు.

ఒక మాట చెబుతా అక్కా, కోపం లేకుండా. ఇన్నేళ్లలో నువ్వు ఒక్కసారంటే ఒక్కసారి "తప్పు నాది" అనలేదు. అమ్మ ఆ మాట కోసం చచ్చేదాకా ఎదురు చూసింది. నడిపన్నయ్య చూశాడు. నేను చూస్తున్నా. నీకు పద్నాలుగేళ్లు, చిన్నపిల్లవి, ఎవడు శిక్ష వేస్తాడు నీకు? ఆ మాట అను. కాగితం మీద పెట్టి, సాక్షుల్ని పెట్టి, వేలిముద్ర వెయ్యి. ఆ తర్వాత నువ్వేం చెయ్యమంటే అది చేస్తా. రక్తం తీయించమంటే తీయిస్తా. నా మాట మీద నిలబడతా, గచ్చు మీద నిలబడ్డట్టు.

నీ మేనల్లుడి కాలి వేళ్ల సందున చిన్న బొబ్బ లేచింది, కిందటి పోతలో చుక్క పడ్డట్టుంది. వాడికి తెలియనే లేదు, కోడలు చూసి చెప్పింది. బొగ్గు మసి రాశాం. ఎండిపోతుంది.

నీ తమ్ముడు


మార్చి 20

తమ్ముడూ,

బొబ్బ సంగతి ఆఖరి పంక్తిలో రాస్తావా? నా సూదిపోటు కూడా బొబ్బంతే ఉండేది!

మసి కడిగించు. ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లు. కాలు నేల మీద పెట్టనివ్వకు. నర్సమ్మ నిన్న మీ నంబరుకి ఫోన్ చేసింది, "రాంగ్ నంబరు" అన్నావు. నీ గొంతు నాకు తెలియదా? పక్కనే ఉండి విన్నాను. మధ్యలో తుమ్మావు కూడా, ఆ తుమ్ము నీదే.

పోగు తగిలినప్పుడు ఎగిరి పడ్డవాళ్లు ఆరోగ్యవంతులు రా. గెలిచింది బొగ్గు మోసేవాడు, ఓడింది నువ్వూ, నీ కొడుకూ. ఓడినవాళ్లకి చప్పట్లు కొట్టే ఇల్లు ప్రపంచంలో మనదొక్కటే.

ఎర్రదనం పైకి పాకుతుందేమో చూడు. వాసన చూడు, సిగ్గుపడకుండా ముక్కు పెట్టి చూడు. జ్వరం చూడు. నొప్పి ఉందా అని మాత్రం అడక్కు, ఆ పాదం నీకు నిజం చెప్పదు.

తప్పు ఒప్పుకోమన్నావు. ఒప్పుకోను. చెయ్యని తప్పుకి యాభై ఎనిమిదేళ్లు నరకంలో ఉన్నా. నాది కాదని ఇప్పుడిప్పుడే తెలిసింది. తెలిసిన నిజాన్ని నీ పంతం కోసం అబద్ధం చెయ్యను. ఇద్దర్లో ఎవరో ఒకరి మెడ వంగాలంటే ఈసారి నీది వంచు.

పెద్దక్క

(ఈ ఉత్తరాలు రాసే నర్సుని. అయ్యా, వ్యక్తిగతంగా నేను మనవి చేసుకుంటున్నాను. మీ అక్కగారు కాస్త కటువుగా మాట్లాడతారు, కానీ ఆ పుండు విషయం నిజంగా అత్యవసరం. అబ్బాయిని వెంటనే చూపించండి. ఈ నాలుగు ముక్కలూ ఆవిడకి చదివి వినిపించలేదు.)


ఏప్రిల్ 2

అక్కకి,

నీ ఉత్తరం, కింద నీ నర్సు గొణుగుడు, రెండూ చూశాను. ఆవిడ మర్యాద ఆవిడది. నీది నీకు ఎప్పుడూ లేదు.

పుండు కొంచెం తడిగా ఉంది. వాసన కూడా ఉంది, అబద్ధమెందుకు. చుట్టూ చర్మం బూడిద రంగుకి తిరిగింది. కానీ వాడు నడుస్తున్నాడు, మోస్తున్నాడు, నొప్పి లేదంటున్నాడు. నొప్పి లేనిది పుండెలా అవుతుంది? రెండు రోజులు ఒళ్లు వెచ్చబడింది, కొలిమి దగ్గర ఎవరికి వెచ్చబడదు?

కోడలు ఆసుపత్రి అంటూ ఏడ్చింది. నేనే కేకలేశాను. అక్కా, నువ్వే రాశావు, ఆసుపత్రికెళితే రెండు వేళ్లు తీసేశారని. వేళ్లు లేనివాడు మూస పట్టుకుని నిలబడగలడా? కరిగిన లోహమున్న కుండ అది, అడుగు తడబడితే పోయేది వాడొక్కడే కాదు, ఎదురుగా ఉన్నవాడు కూడా. కాలు కోయించుకోవడానికి వాణ్ని నేను తీసుకెళ్లాలా? పద్దెనిమిదో తారీకు అవనీ. గచ్చు మీద నిలబడి, పట్టకారు అందుకోనీ. తర్వాత చూద్దాం.

నిన్న వాడే అడిగాడు, "అత్త ఏమంటోంది నాన్నా?" అని. అత్త తన చేతులు శుభ్రంగా ఉన్నాయంటోందిరా అన్నాను. వాడు మళ్లీ కొలిమి దగ్గరికి వెళ్లిపోయాడు. నీకు నీ మాట నెగ్గడమే కావాలి. మేనల్లుడు కాదు. ఒక్క వేలిముద్ర అడిగితే ఇవ్వలేదు.

ఇంక రాయొద్దు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 9

ఇది ఉత్తరం కాదు. ఒప్పుకోలు. తమ్ముడు చదవాలి, చదివాక కోడలు చేత గట్టిగా చదివించి వాకిట్లో అందరికీ వినిపించాలి.

నేను పోత మేస్త్రి పెద్దకూతుర్ని, వేణ్ణీళ్ల పిల్ల అనేదాన్ని. వయసు డెబ్భై రెండు. దర్జీ కొట్టు వెనక గదుల్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఎవరి బలవంతమూ లేకుండా, మతి సరిగ్గా ఉండి, కుర్చీలో నిటారుగా కూర్చుని చెబుతున్నాను.

నా పద్నాలుగో ఏట, సాయంత్రం పూట, మా నాన్న కాళ్లకి నేను నీళ్లు కాచాను. ఆ నీళ్లు కాలుతున్నాయని నా చేతికి తెలుసు. తెలిసి పోశాను. ఆ కాలు కుళ్లి మా నాన్న పోయాడు. తప్పు నాది. ఇంకెవరిదీ కాదు.

మార్చి ఒకటిన రాయించిన ఉత్తరంలో, ఇంకా పొయ్యమని నాన్నే అన్నాడని ఒక మాటుంది. ఆ మాట కొట్టెయ్యి, తమ్ముడూ. నీ దగ్గరున్న కాగితం తీసి, కలం పెట్టి, అక్షరం కనబడకుండా కొట్టెయ్యి.

ఇక్కడ నర్సమ్మ రాయడం ఆపేసింది. "ఇది నేను రాయను, మీరు చెప్పిందే నిజమని నాకు తెలుసు" అంటోంది. రాయమ్మా. నీకు జీతమిచ్చేది పుళ్లు మాన్పడానికి. ఇది కూడా పుండే. రాసింది.

అమ్మ బతికుండగా ఈ మాట అనాల్సింది. మనసులో రోజూ అనుకున్నా, నోటితో ఒక్కరోజూ అనలేదు. అది నా పొగరు, నువ్వు చెప్పింది నిజమే. మొదటి ఉత్తరంలో నా గోడు ముందు రాయించి, మీ పరీక్ష సంగతి చివర పెట్టించాను. అది కూడా నా తప్పే. అటూ ఇటూ తిప్పి పెట్టించి ఉంటే ఫిబ్రవరిలోనే వాడు ఆసుపత్రిలో ఉండేవాడేమో. నాన్న విషయంలో ఎవరేమన్నా, ఈ రెండు నెలల ఆలస్యం మాత్రం నా చేతిదే. అది ఎవరూ మొయ్యక్కర్లేదు.

తప్పు నాది కాదనుకుంటూ ఈ రెండు నెలలూ పడుకున్నాను. హాయిగా నిద్ర పట్టింది. ఒకరోజు దర్జీ భార్యనడిగి గోరువెచ్చటి నీళ్లు పోయించుకున్నాను కూడా. చాలు. అంతకన్నా ఎక్కువ కావాలనడానికి నేనెవర్ని?

నాన్న కాలి సంగతి ఇంక ఎత్తను. ఎవరి కాలి సంగతి ఎత్తాలో అది ఎత్తుతా.

నీ చేతిరాతతో నువ్వు రాసిన కాగితం నా దగ్గరుంది. "ఆ తర్వాత నువ్వేం చెయ్యమంటే అది చేస్తా" అని. చెయ్యి. ఈ కాగితం చదివిన రోజునే, భోజనానికి కూర్చోకుండా, బండి పిలిచి వాణ్ని ఎక్కించు. కాలు కింద పెట్టనివ్వకు. పుండు విప్పి చూపించండి, రక్తం తీయించండి, నువ్వు కూడా చెయ్యి చాచు. మీ తండ్రికి ఏముండేదని డాక్టరు అడిగితే, షుగరు అని చెప్పొద్దులే, నీకిష్టం లేకపోతే. దాహం ఉండేదని చెప్పు. ఆయనకి అర్థమవుతుంది.

వేళ్లు తీస్తారని భయపడుతున్నావు. తీస్తే తీస్తారు. ఆలస్యంగా వెళ్లాను కాబట్టి నాకు తీశారు. రెండు వేళ్లిచ్చి కాలు దక్కించుకున్నా. వాసన వేస్తోందని నువ్వు రాసి ఏడు రోజులైంది. వాడి దగ్గర ఇచ్చుకోవడానికి ఇంకా ఏం మిగిలిందో నాకు తెలియదు. నర్సమ్మనడిగాను, ఆవిడ సంచి సర్దుకుంది.

వాడికి పెద్దమ్మాయి ఉందని విన్నాను, పదిహేనేళ్లట. దానికి కూడా ఏటేటా రక్తం చూపించండి. పోత ఆపు. గంట ఆగుతుంది. పోసినా, ఎవరి కోసం మోగుతుందో ముందు ఆలోచించుకో. అందరూ చూస్తుండగా వాణ్ని ఆ గచ్చు మీద నిలబెట్టావా, ఈసారి నీళ్లు పోసేది నువ్వవుతావు. చిన్నపిల్లాడివి అనడానికి నీకు పద్నాలుగేళ్లు కూడా కాదు.

ఈ కాగితం పోస్టులో వెయ్యడం లేదు. దర్జీ చేతికిచ్చి బస్సెక్కిస్తున్నా. నువ్వు కదిలేదాకా మీ గుమ్మంలో కూర్చోమన్నాను. తరిమితే పోడు, నా దగ్గర ముప్పై ఏళ్లు తిట్లు తిన్నవాడు.

చదివి వినిపించగా విన్నాను. ఒక్క మాటా మార్చక్కర్లేదు.

ఎడమ చేతి బొటనవేలి ముద్ర, వేణ్ణీళ్ల పిల్లది.

సాక్షులు:

దర్జీ. ఆవిడ చెబుతుంటే పక్కనే ఉన్నాను. ఎవరూ చెయ్యి పట్టుకోకుండా ముద్ర ఆవిడే వేసింది. కాగితం నేనే తెస్తున్నాను.

రాసిన నర్సు. ముద్ర ఆవిడదే, దానికి నేను సాక్షిని. తప్పు ఆవిడది అన్న మాటకి కాదు.